గులకయ్య నోరు విప్పిన రోజు

ఒక పెద్ద అడవిలో, అంటే చెట్ల అడవి కాదు లెండి, సముద్రం అడుగున పగడాల అడవిలో, గులకయ్య అనే వేలెడంత చేప ఉండేవాడు. ఇసుకలో బొరియ తవ్వి, గోడలకి గులకరాళ్లు పేర్చుకుని, తల మాత్రం బయటపెట్టి కూర్చునేవాడు. ఆ ఇల్లంటే వాడికి ప్రాణం.

దాని మీద గుర్తింపు అధికారి ఆక్టోపస్ గారి బావమరిది కన్ను పడింది. బావమరిది అడిగితే కాదనే బావ ఏ నీళ్లలోనైనా ఉంటాడా? మర్నాడే మూడు రూల్సు వచ్చాయి. తల నుంచి తోక దాకా చూపించి, సొంత నోటితో పేరు చెబితేనే గుర్తింపు. గుర్తింపు లేనివాడి బొరియ ఖాళీ కింద లెక్క. గుర్తింపు ఉండీ ఇల్లు లేనివాడికి ఆఫీసే ఇల్లివ్వాలి. మూడోది ఎవరి కోసమో వేరే చెప్పాలా!

ఆక్టోపస్ గారు ఎనిమిది చేతుల్లో ఎనిమిది ముద్రలతో దిగారు.

"పేరు?"

గులకయ్య ఉలకడు, పలకడు. పాపం, ఎలా పలుకుతాడు? ఆ వంశంలో గుడ్లు పొదిగేది తండ్రే, అదీ నోట్లో. వారం నుంచి తిండి మానేసి మోస్తున్నాడు. నోరు తెరిస్తే పిల్లలు పోతారు, తెరవకపోతే ఇల్లు పోతుంది.

పక్క బొరియలోంచి పెళ్లాం తల బయటపెట్టింది. "నేను చెబుతానండీ అయ్యగారూ!"

"చెల్లదు గానీ, చెప్పు చూద్దాం."

"అమ్మో, మొగుడి పేరు నోటితో ఎలా అనమంటారండీ!" అని సిగ్గుపడి లోపలికి పోయింది.

"భేష్," అంటూ ఆక్టోపస్ గారు రాసుకున్నారు. "తోక లేదు. పేరు లేదు. బుగ్గల వాపు. కాబట్టి ఇది చేప కాదు, రాయి. బొరియ ఖాళీ! బామ్మర్దీ, దిగరా!"

బావమరిది ఒక కాలు పెట్టాడో లేదో, గులకయ్య నోట్లో గిలిగింతలు మొదలయ్యాయి. ఇక ఆపుకోలేక నోరు తెరిచాడు. ఓరి నాయనో! బిలబిలమంటూ పన్నెండొందల మంది పిల్లలు!

"నేను చిట్టిగాణ్ణి!" "నేను బుడంకాయ్‌ని!" "తోక చూశావా మావయ్యా? రాసుకో, రాసుకో!"

వాళ్ల వెనకే గులకయ్య తోక ఊపుకుంటూ బయటికొచ్చాడు. "నా పేరు గులకయ్యండీ. నాకు ఇల్లుంది. వీళ్లకే లేదండీ!" అని ఆనందం పట్టలేక గిర్రున మూడు చుట్లు తిరిగాడు.

ఈ రోజుకీ అక్కడ ఆక్టోపస్ గారు ఎనిమిది చేతులా ఇసుక తవ్వుతున్నారు. బావమరిది రాళ్లు మోస్తున్నాడు.

నీతి: నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు గానీ, ఆఫీసు ముందు నోరు మూసుకుంటే ఏకంగా ఊరే పుడుతుంది.