లామినేషన్ వీరుని క్షమాపణ సమరము

వినుడు, బస్సులలో నిలబడి ప్రయాణించువారలారా! వినుడు, బట్టలారవేయుచు పక్కింటి మాటలకు చెవి యొగ్గువారలారా! ఖడ్గము లేక, కవచము లేక, ఒక్క కాలికి మాత్రమే సాక్సు ధరించి ఒక యువకుడు సలిపిన ఘోరసంగ్రామమును చెప్పెదను. అది ఆదివార ప్రభాతము. గడియారపు చిన్నముల్లు ఏడు దాటి, పెద్దముల్లు నాలుగును తాకియుండెను. నీళ్ల మోటారు మత్తగజమువలె ఘీంకరించుచుండగా, పై అంతస్తు కుక్కరు మూడవ శంఖము పూరించుచుండగా, కిటికీగుండ ఏటవాలుగా దిగిన లేయెండ కడిగి బోర్లించిన స్టీలు గిన్నెలపై తళతళలాడుచుండగా, మూడంతస్తుల అద్దెయింటి రెండవ అంతస్తున, ముందుగదిలోని ప్లాస్టిక్కు కుర్చీపై మన కథానాయకుడు మ్రాన్పడి కూర్చుండెను.

ఎవడీతడు? వయస్సు ఇరువదిరెండు. వృత్తి, జిరాక్సు దుకాణమునందు యంత్రచాలనము. పరుల మార్కుల జాబితాలకును, ధ్రువపత్రములకును ప్లాస్టిక్కు కవచము తొడిగి, వానను గెలిపించి, కాఫీ మరకలను ఓడించి పంపు లామినేషన్ వీరుడు. ఇంటిలో చిన్నోడు. చర్చి సంఘములో మాత్రము 'రిఫరెన్సు' అని బిరుదు. ఏలయన, ఎవరేమన్నను బైబిలులో అధ్యాయము, వచనము అంకెలతో సహా చెప్పక విడువడు. "ఇవాళ ఎండ మండిపోతోంది బాబూ" అన్న ఒక ముసలమ్మకు సూర్యుని గూర్చి మూడు వచనములు వల్లించి, నాలుగవదానికై పుటలు తిప్పుచుండగా, పాపము ఆమె గోడ నీడకు పారిపోయెను.

"వాక్యాన్ని రోజువారీ జీవితంలో పెట్టాలి తమ్ముళ్లూ" అని యువజన కూడికలో ఒక అన్న హితవు చెప్పిన నాటినుండి, ఈ వీరుడు వాక్యమును నిజముగనే పెట్టసాగెను. ఫ్రిజ్జు మీద పెట్టెను. అద్దము మీద పెట్టెను. దుకాణములో మిగిలిన ముక్కలపై వచనములు ముద్రించి, లామినేషన్ చేసి, మూలలు గుండ్రముగా కత్తిరించి, ఇల్లంతయు అతికించెను. దిగులుపడవద్దను వచనము అమ్మ కుట్టుమిషను మీద వెలసెను. నోటిని అదుపులో పెట్టుకొమ్మను వచనము టెలిఫోనులో ఎక్కువసేపు మాటలాడు అక్క కుర్చీ ఎదుట వెలసెను. గురివింద గింజ తన నలుపెరుగదన్నట్లు, అవన్నియు ఇతరుల కంటికి ఆను ఎత్తుననే యుండెను. వీరుని మంచము తలాపున మాత్రము ఒక మోటారుసైకిలు బొమ్మ యుండెను.

ఇక యుద్ధకారణము వినుడు. గడచిన సోమవారము పూట గిన్నెలు తోముట అక్క వంతు. అక్క యనగా ఆసుపత్రిలో నర్సు. తమ్మునికంటె నాలుగేండ్లు పెద్దది. వానికి చిన్నప్పుడు చెప్పుల బకిల్సు పెట్టుట నేర్పినది. పది గంటలైనను సింకులో గిన్నెలు గుట్టగా పడియుండెను; అక్క గది తలుపు మూసియుండెను. వీరుని హృదయమున ధర్మాగ్రహము పొంగెను. సోమరితనము మాని చీమలను చూచి బుద్ధి తెచ్చుకొమ్మను భావముగల వచనమును పెద్ద అక్షరములతో ముద్రించి, పక్కన ఒక చీమ బొమ్మ వేసి, లామినేషన్ చేసి ఉంచిన కార్డు వానియొద్ద ముందే సిద్ధముగా నుండెను. దానిని రెండువైపుల అంటు టేపుతో అక్క తలుపునకు అతికించి, విజయగర్వమున దుకాణమునకు పోయెను.

అక్క లేచి దానిని చింపబోయెను. చిరగలేదు. పంటితో కొరికెను. లొంగలేదు. అది మామూలు లామినేషనా? నూట ఇరువదియైదు మైక్రాన్ల మందము! తుదకు కత్తెర తెచ్చి ముక్కలు చేసి, చెత్తబుట్టలో వేసి, గిన్నెలన్నియు తోమి, ఆ క్షణమునుండి తమ్మునితో మాటలాడుట మానివేసెను. ఆరు దినములు గడచెను. "అమ్మా, మోటారు ఆపమని చెప్పు వాడికి." "అమ్మా, టవలు నాదని చెప్పు దానికి." ఇట్లు రాయబారములు నడచుచుండెను. ఒకే బల్లవద్ద భుజించుచు ఉప్పుడబ్బా సైతము అమ్మ చేతిమీదుగా ప్రయాణించుచుండెను.

ఇట్టి స్థితిలో ఈ ఆదివారము వచ్చెను. తొమ్మిది గంటలకు చర్చిలో వీరుడు పది నిమిషములు ప్రసంగింపవలెను. అంశము: వాక్యమును దైనందిన జీవితమునకు అన్వయించుట. ఈతనికంటె తగినవాడెవడు? పదునొకండు పుటలు వ్రాసెను. ముగింపునకు ఒక దిమ్మతిరుగు వచనము కావలెనని బైబిలు తెరచెను. తెరచినచోట, కానుక తీసికొని బలిపీఠమువద్దకు వచ్చినపుడు, నీ సహోదరునికి నీ వలన నొప్పి కలిగినదని జ్ఞాపకము వచ్చినయెడల, కానుక అక్కడనే విడిచి ముందు పోయి వానితో సమాధానపడుమను మాట కనబడెను.

వీరుడు ఉలికిపడెను. వెంటనే న్యాయవాదియై, 'సహోదరుడని ఉన్నది కాని సహోదరి యని లేదు గదా' యని వాదించుకొని పుట తిప్పెను. ఫ్యాను గాలికి పుట వెనుకకు వచ్చెను. మరల తిప్పెను. మరల వచ్చెను.

అమ్మ కుట్టుమిషనువద్ద సూదిలో దారమెక్కించుచుండెను. వీరుడు మెల్లగా కుర్చీ జరుపుకొని చేరెను.

"అమ్మా, అక్క కోపం తగ్గిందా?"

"నన్నడుగుతావేంరా? ఆరు రోజులుగా మీ ఇద్దరి మధ్య పోస్ట్‌మ్యాన్ ఉద్యోగం చేశాను. ఇవాళ్టితో రాజీనామా."

"చిన్న కార్డే కదమ్మా..."

అమ్మ దారము విడిచి వాని ముఖములోనికి చూచెను. "ఆ రోజు అది ఎందుకు పడుకుందో తెలుసా నీకు? ఇంకో నర్సు రాలేదని రెండు డ్యూటీలు వరసగా చేసింది. ఇరవై రోజులు కనిపెట్టుకుని చూసిన పెద్దాయన ఆ తెల్లవారుజామునే పోయాడు. ఇంటికొచ్చి ముద్ద కూడా ముట్టలేదు. లేచి తలుపు తీస్తే నీ చీమ."

"నాకెవరూ చెప్పలేదే!"

"నువ్వడిగావా? అతికించావు." మరల సూది చేతబట్టుచు ఆమె యనెను, "ఇంకోటి కూడా విను. ఆసుపత్రి హాస్టల్లో గది కోసం ఫారం నింపింది. ఇవాళ ఇచ్చేస్తుందట. దానికి జిరాక్సు కావాలంటే నీ షాపుకి రాలేదు. రెండు వీధులవతలికి పోయి తీయించుకుంది."

ఆహా! ఎన్ని లక్షల కాగితములు వాని చేతులలో నకలెత్తలేదు! ముక్కు మొగము తెలియనివారికెల్ల వెనుకాముందూ తీసియిచ్చిన ఆ చేతులను కాదని, తోడబుట్టినది పొరుగు వీధికి పోయినదా! హాస్టలన్న మాటకంటె ఆ జిరాక్సు మాట వాని గుండెలో ములుకువలె దిగెను. ఇల్లు ఒక్కసారి పెద్దదైనట్లు, ఖాళీయైనట్లు తోచెను.

అప్పుడు వీరుడు లేచెను. చెప్పవలసినది ఒకే మాట. రెండక్షరములు. సా, రీ. అయితే ముప్పదిరెండు దంతముల కోటలో సుఖాసీనయైన నాలుక వానితో నిట్లు పలికెను: "ఓరీ మూఢా! వేయి వచనములను తొట్రుపాటు లేక పలికిన నన్ను, కోటదాటి ఈ రెండక్షరములతో వెడలుమనుచున్నావా? శిరము వంచి ఎరుగని దానను! గిన్నెలు ఎవరి వంతు? తప్పు ఎవరిది? ముందు వారిని రమ్మనుము!"

దాని గర్జనను లెక్కచేయక వీరుడు వంటగదిలో ప్రవేశించెను. శుభ్రధవళ వస్త్రధారిణియై అక్క సీసాలో నీళ్లు పట్టుచుండెను. ఏడూయాబదికి ఆసుపత్రి వ్యాను వచ్చును. వీరుడు గొంతు సవరించుకొనెను.

"సా..."

అక్క కనుబొమ్మ యెత్తెను. ఆ కనుబొమ్మ బాణమువలె తాకగా వీరుని నాలుక అడ్డదారి పట్టెను.

"సా... సాక్సులు చూశావా?"

"అమ్మా, తాడు మీదున్నాయని చెప్పు వాడికి."

మొదటి దండయాత్ర ఇట్లు భంగపడెను. వీరుడు తాటినుండి ఒక సాక్సు దెచ్చి తొడిగికొని, కుర్చీపై కూలి, రెండవ వ్యూహము పన్నెను. ఫోను తీసి, కోపము గూర్చియు, సమాధానము గూర్చియు ఏడు వరుసల సందేశము వ్రాసి, అంకెలతో సహా వచనము జోడించి పంపెను. ఏడడుగుల దూరములో, వంటగదిలో, టింగుమనెను. తరువాత వీరుని ఫోను టింగుమనెను. ఆరు దినముల అనంతరము అక్కనుండి వచ్చిన మొదటి మాట అది:

"ఇది కూడా లామినేట్ చేసి పంపు."

అమ్మ మిషను ఆపెను. "ఎదురుగా ఉన్న మనిషికి ఫోన్లో ఏంట్రా? నోరేమన్నా అద్దెకిచ్చావా?"

ఇంతలో వీధిలో వ్యాను హారను మ్రోగెను. అక్క సంచి భుజమున వేసికొని మెట్లు దిగెను. ఇదే తుది గడియ! వీరుడు రెండవ సాక్సునకై వెదకలేదు. తన చెప్పులకై వెదకలేదు. చేతికందిన, కాదు, కాలికందిన అమ్మ చెప్పులలో పాదములిరికించి, ముప్పదినాలుగు మెట్లు ఉరికెను. మలుపులో సైకిలు అడ్డుపడెను, దాటెను. క్రింద అంతస్తు ముసలాయన పేపరు దించి, "ఏంరా రిఫరెన్సూ, ఇవాళ నీ ప్రసంగమంట కదా, దేని గురించి?" అని అడిగెను. అట్టి ప్రశ్నకు పావుగంట నిలబడు వీరుడు, చరిత్రలో తొలిసారిగా జవాబీయక దూసికొనిపోయెను. ముసలాయన పేపరు చేతనుండి జారెను.

అక్క ఒక కాలు వ్యాను మెట్టుపై నుంచెను.

"అక్కా!"

ఆమె తిరిగి చూచెను. వ్యానులోని నర్సులందరు తిరిగి చూచిరి. వీరుడు కన్నులు మూసికొని, సర్వశక్తులు కూడగట్టి, కోటతలుపులు బ్రద్దలుకొట్టి ఆ రెండక్షరములను వెలికి దోసెను. సరిగా ఆ క్షణముననే డ్రైవరు హారను నొక్కెను.

"ఏంటి?" అనెను అక్క.

అకటా! ప్రాణములకు తెగించి గెలిచిన కోటను మరల మొదటినుండి గెలువుమనినట్లయ్యెను!

"సారీ అక్కా."

సమరము ముగిసెననుకొంటిరా? అమాయకులారా! అసలు రాక్షసి ఇప్పుడు లేచెను. దాని పేరు 'కానీ'. కానీ గిన్నెలు నీ వంతే కదా. కానీ నాకు తెలియదు కదా. కానీ నువ్వైనా చెప్పవలసినది కదా. ఎన్ని తలలు నరికినను మొలచుచు అది గొంతువరకు ప్రాకెను. వీరుడు పెదవులు బిగించెను. బుగ్గలు పొంగెను. కన్నులు తేలెను. "వాంతొస్తోందేమో పాపం, పక్కకి జరగవే" అనెను వ్యానులో ఒక నర్సు. గటుక్కున వీరుడు 'కానీ'ని మింగెను.

"ఇంకేమైనా ఉందా?" అక్క అడిగెను.

"లేదు."

"వచనం?"

"లేదు."

"నంబరైనా?"

"ఏం లేదక్కా. ఆ పెద్దాయన పోయిన సంగతి నాకు తెలీదు. తెలీదంటే... నేనడగలేదు."

అక్క మెట్టు మీదినుండి కాలు దించెను. కొంతసేపు సంచి పట్టీని సవరించుకొనెను. "రోజూ నన్ను వేరే ఎవరి పేరుతోనో పిలిచేవాడురా. వాళ్ల అమ్మాయి పేరనుకుంటా. నేనూ పలికేదాన్ని. ఆఖరి రోజు మాత్రం నా పేరుతోనే పిలిచాడు. మంచినీళ్లు అడిగాడు. తెచ్చేలోపు..."

ఓదార్పు వచనములు ముప్పది యైనను వీరుని లోపల బారులు తీరెను, ఆజ్ఞకై ఎదురుచూచెను. వీరుడు ఒక్కదానిని కూడ విడువలేదు. అమ్మ చెప్పులలో అట్లే నిలబడి, ముక్కు చీదుకొని, అక్క సంచిని తాను పట్టుకొనెను. ఏడ్చువారితో ఏడువుమను మాట కూడ ఆ పుస్తకముననే యున్నది. అది వానికప్పుడు గుర్తులేదు.

"అమ్మా, నువ్వెక్కుతావా, నన్ను దిగమంటావా?" అని డ్రైవరు కేక వేసెను.

అక్క సంచి తీసికొని వ్యానెక్కెను. కిటికీనుండి తల బయటపెట్టి యనెను: "ఫారం ఇవాళైతే ఇవ్వను. తర్వాత సంగతి తర్వాత. సాయంత్రం కూర్చుని మాట్లాడదాం. అమ్మకి కాదు, నీకే చెప్తున్నా."

పిమ్మట వీరుడు చర్చికి వట్టిచేతులతో చేరెను. పదునొకండు పుటలు ఇంటిలో కుర్చీ మీదనే మిగిలిపోయెను. వేదికపై నిలచి వాడు పలికినది ఇంతే: "ఈ వారం నేనొక వచనాన్ని మా అక్క మీదకి విసిరాను. ఇవాళ పొద్దున ఒకదాన్ని నా మీద వేసుకుని చూశాను. చాలా కష్టంగా ఉంది. అంతే." నలుబది సెకనులు. ఆపై గడియారము చూచుకొను సంఘపెద్ద నోట, ఆ ప్రాంగణము ఎన్నడును వినియెరుగనంత బిగ్గరగా 'ఆమేన్' వెలువడెను.

జయము! జయము! రాజ్యములు గెలిచినవారి కథలు మీరు వినియుందురు గాక. ఒక తమ్ముడు తన అక్కకు రెండక్షరములు, అందునను రెండుమార్లు, చెప్పిన కథ ఇది. ఆరు దినముల పిమ్మట ఆ యింట 'వాడు' పోయి 'నువ్వు' వచ్చెను. దిక్కులన్నియు దద్దరిల్లలేదు, పూలవాన కురియలేదు. మింగిన ఆ 'కానీ' మాత్రము వీరునికి మధ్యాహ్న భోజనము వేళ వరకు అరుగలేదు.