ఎస్సార్-22 చల్లగా ఉండాలి!

నన్నడిగితే, ఈ అమెరికాలో మన బాగోగులు నిజంగా పట్టించుకునే ఆప్తుడు ఒక్కడే. వాడి పేరు ఎస్సార్-22!

నవ్వకండి. ఇన్సూరెన్సు లేకుండా కారు నడిపి దొరికినవాళ్ళకీ, తాగి నడిపినవాళ్ళకీ ప్రభుత్వం 'ప్రమాదకర డ్రైవరు' అని బిరుదిస్తుంది. అప్పుడు "ఈ మనిషికి ఇన్సూరెన్సు ఉంది" అని కంపెనీ రాష్ట్రానికి రాసిచ్చే హామీయే ఈ ఎస్సార్-22. పాలసీ ఆగిందా, కంపెనీయే వెళ్ళి చెప్పేస్తుంది. మీరేం చేస్తున్నారో ఇంత శ్రద్ధగా కనిపెట్టేవాళ్ళు మీ ఇంట్లో ఉన్నారా?

సొంత కారు లేనివాళ్ళనీ అది చిన్నచూపు చూడదు. లైసెన్సు తిరిగి కావాలంటే వాళ్ళూ పాలసీ కొనాల్సిందే! ఇక ఫ్లోరిడాలో తాగి దొరికితే 22 సరిపోదు, 44 కావాలి. మనకి ఎక్కాలు నేర్పాలన్న తాపత్రయం కాకపోతే మరేమిటి?

మా మేనకోడలు రోవెనా సంగతి చూడండి. ఒహాయో రాష్ట్రంలోని సిన్సినాటీలో బేకరీ ఉద్యోగం. బస్సులు మొదలవకముందే ఓవెన్లు వెలగాలి. అంటే కారు లేకపోతే ఉద్యోగం లేదు. ఆమధ్య పాలసీ కట్టడం మరిచిపోయి, అదే వారం పోలీసులకి దొరికింది. జన్మలో ఎవరి బంపరూ గీకని పిల్లకి బిరుదూ, దాని వెనకే ఎస్సార్-22 పాలసీ వచ్చేశాయి!

తర్వాత నది దాటి పక్క రాష్ట్రం కెంటకీలో ఇల్లు తీసుకుంది. అక్కడి ఇన్సూరెన్సు ఏజెంటు ట్రావిస్, "ఎస్సారా? మా రాష్ట్రంలో ఆ గొడవే లేదమ్మా. పాత పాలసీ ఆపేసి హాయిగా ఉండండి!" అన్నాడు.

రోవెనా నాకు కేకు చేసి తెచ్చింది. దానిమీద క్రీముతో 22 రాసి, అడ్డంగా కొట్టేసింది. "మావయ్యా, వంతెన దాటగానే పీడ విరగడైపోయింది!" అంది. ఆ రెండు రెళ్ళూ నేనే తిన్నాను.

ఒహాయో ఊరుకుంటుందా? పాత పాలసీ ఆగిందని తెలియగానే లైసెన్సు ఆపేసి, ఎస్సార్ ఆగకుండా ఉంచాల్సిన గడువుని మళ్ళీ మొదటికి తెచ్చింది. కెంటకీ వాళ్ళేమో "ఒహాయో వదిలితేనే మేం లైసెన్సు ఇస్తాం" అన్నారు. ఒహాయో "ముందు ఎస్సార్ తే" అంది. ట్రావిస్ "అది మా దగ్గర దొరకదమ్మా" అన్నాడు. ఇందులో ఎవరి తప్పూ లేదని మనవి! బేకరీ యజమాని మాత్రం, "ఒక్కరోజు లేటైనా ఇంకొకర్ని చూసుకుంటా" అనేశాడు.

అందుకని రోజూ నేనే ఆమెని దింపుతున్నాను. నాకు ఎనభై దగ్గర పడింది. రెండు కళ్ళలోనూ శుక్లాలు. ఈమధ్యే మా గ్యారేజీ తలుపునీ, పక్కింటివాళ్ళ పోస్టుడబ్బానీ కారుతో పలకరించాను. అయినా నన్నెవరూ ఏమీ అడగలేదు. ప్రీమియం వేళకి కడతాను కదా, నేను సురక్షిత డ్రైవరుని!

నిన్న వంతెన దిగుతుంటే, పక్క సీట్లో ఉన్న ప్రమాదకర డ్రైవరు బెల్టుని రెండు చేతులా పట్టుకుని కెవ్వుమంది.

"మావయ్యా, రెడ్ లైటు!"

"ఏదీ? ఎక్కడ?" అన్నాను.