మిట్టమధ్యాహ్నం బట్వాడా

ఆ సోమవారం పొద్దున సూర్యాపేట అంగడి బజారులో రామనర్సయ్య చేతిలో ఉన్నవి మూడు: బాగా నడిచే ఒక కిరాణా కొట్టు, పొట్లాలకని చవకగా కొన్న ముప్పై కిలోల కాగితం, ఎవరికీ తెలియని ఒక దగ్గు.

కొట్టు తండ్రి ఇచ్చింది. కాగితం ఒక నర్సింగ్ హోమ్ అమ్మింది. దాని డాక్టరుకు సూర్యాపేటలో, కోదాడలో, మిర్యాలగూడలో మూడు దవాఖానలు. ఆ ఏడాదే, తొంభై ఆరులో, మూడుచోట్లా కంప్యూటర్లు పెట్టించాడు. కోదాడ, మిర్యాలగూడ రోగుల వివరాలు ఫ్లాపీల్లోకెక్కి ప్రతి శనివారం బస్సులో సూర్యాపేట వచ్చేవి. ఇక్కడి మిషను వాటిని కిర్రు కిర్రుమంటూ అచ్చుకొట్టేది. కొత్తవి రాగానే పాతవి తూకానికి పోయేవి. రెండంచులా చిల్లులున్న కాగితం, ఒకవైపు తెల్లగా ఉంది. రామనర్సయ్యకు ఇంగ్లీషు రాదు, తూకం వచ్చు. కొనేశాడు.

దగ్గు మాత్రం ఎవరిచ్చారో తెలియదు. టీబీ అన్నారు. ఆరు నెలలు గోలీలు మింగాలి, మధ్యలో ఆపితే రోగం మొండికేస్తుందన్నారు. పప్పులమ్మేవాడికి టీబీ అని తెలిస్తే సాయంత్రానికి కొట్టు ముందు ఈగలే గిరాకీ. ఆ భయంతోనే మొదట్నుంచీ ఊళ్ళో కాకుండా కోదాడ దవాఖానలో చూపించుకున్నాడు. అక్కడ పేరడిగితే, రోజూ గల్లా దగ్గర కూర్చుంటే ఎదురుగా కనపడే బోర్డు నోట్లోకొచ్చింది. "కొమురయ్య. అంగడి బజారు, సూర్యాపేట." ఎదురు కొట్టు కొమురయ్యతో పదేళ్ళుగా మాటల్లేవు. కనుక పేరు వాడుకుంటానని అడగాల్సిన పనీ లేదనుకున్నాడు.

రెండు నెలల మందు అయిపోవచ్చింది. వచ్చే వారం మంగళవారం కోదాడ పోయి మూడో నెల మందు తెచ్చుకోవాలని వేళ్ళమీద లెక్క వేసుకుంటుండగా, ఊరి చివరి తండా నుంచి భూలి వచ్చింది.

"సేటూ, ఉప్పు తర్వాత. గీ కాగితం జర సూడు."

కాగితాన్ని తేలును పట్టుకొచ్చినట్టు కొసలతో పట్టుకొచ్చింది.

"నిన్న మిట్టమధ్యాహ్నం తలుపు సందులకెళ్ళి లోపల వడ్డది. బయటికొచ్చి సూస్తే మనిషి లేడు. కుక్క గూడ మొరగలె. మా అత్తకు తెల్వకుండ మిర్యాలగూడల పిల్లలు కాకుండ ఆపరేషన్ చేయించుకున్న. నా బిడ్డ సదివి చెప్పింది, ఆ తారీకు గూడ ఉన్నదంట!"

"ఎవరో పగోళ్ళు రాసిన్రేమో."

"నాకూ డాక్టరుకే ఎరుక సేటూ. పగోళ్ళకెట్ల ఎరుకైతది?"

రామనర్సయ్య చూపు అక్షరాల మీద లేదు. అంచు మీది చిల్లుల మీద ఉంది.

శుక్రవారానికి పద్నాలుగు ఇళ్ళకు కాగితాలొచ్చాయి. అన్నీ ఎండ నిప్పులు చెరిగే పన్నెండింటికే, నీడ కూడా మనిషి కాళ్ళ కింద దాక్కునే వేళకే. మూలవ్యాధి దాచిన పంతులుకు మూలవ్యాధి కాగితం, మూర్ఛ దాచిన ఇంటికి మూర్ఛ కాగితం. అమ్మవారు చిట్టా రాస్తోందన్నారు. గడపలకు పసుపు, తలుపులకు వేపమండలు వచ్చాయి. మధ్యాహ్నమయ్యేసరికి జనం తలుపుల కింద గోనెసంచులు కుక్కి, ఊపిరి బిగబట్టి కూర్చునేవారు. రామనర్సయ్య కొట్లో పాత గోనెసంచులన్నీ అమ్ముడయ్యాయి. వ్యాపారంలో లాభం చూసి ఒళ్ళు జలదరించడం ఆయనకదే మొదలు.

భయపడ్డా ఆయన లెక్క మానలేదు. పొట్లాలు మడిచేది ముత్తయ్య, రిటైరైన పోస్టుమాన్. ఇంగ్లీషు విలాసాలు తడుముకోకుండా చదివేవాడు. రోజూ సాయంత్రం రెండు కిలోల కాగితం ఇంటికి తీసుకుపోయి, పొద్దున పొట్లాలుగా తెస్తాడు. శనివారం తూకం వేస్తే కిలోన్నరే తూగాయి. మైదా జిగురు అంటించినందుకు తూకం పెరగాలి గానీ తగ్గడమేమిటి?

మధ్యాహ్నం కొట్టు మూసి ముత్తయ్య వెనకే నడిచాడు. వీధి చచ్చినట్టు పడి ఉంది. ముత్తయ్య భుజాన పాత సంచి. కుక్కలు కళ్ళు తెరిచి, పాత మనిషేలే అని మళ్ళీ మూసుకున్నాయి. కొమురయ్య ఇంటి ముందు వంగి, తలుపు కింద ఉన్న గోనెసంచిని మెల్లగా జరిపి, ఒక కాగితం లోపలికి తోశాడు.

"ముత్తన్నా! ఏం జేస్తున్నవ్?"

"బట్వాడ." ముత్తయ్య తొణకలేదు. "పేరున్నది, మన ఊరున్నది, బజారున్నది. గంత విలాసం రాసినంక దాంట్ల పప్పు పొట్లం కడ్తమా సేటూ? పాపం తగలదా?"

"లోపలేమున్నదో ఎరుకేనా నీకు?"

ముత్తయ్య ముఖం చిన్నబోయింది. "ముప్పయేండ్ల నౌకరిల ఒక్క కార్డు గూడ సదవలె నేను. విలాసం వరకే నా కండ్లు. దాని కిందిది ఎవలిది వాళ్ళకే."

"మరి చేతికియ్యక దొంగోలె తోసుడేంది?"

"ఖాకీ అంగీ లేకుండ తలుపు కొట్టాల్నంటే సిగ్గైతది."

అప్పుడే తలుపు వెనక నుంచి కొమురయ్య గావుకేక వినపడింది. కోదాడలో తాను చెప్పిన పేరు, బజారు రామనర్సయ్యకు అప్పుడు గుర్తొచ్చాయి. తన రోగం విలాసం తప్పకుండా చేరింది, మనిషే తప్పాడు.

కొమురయ్య డెబ్బై ఎనిమిది కిలోల మనిషి. కాగితంలో నలభై ఎనిమిదని ఉంది. ఆదివారమంతా బస్తాల కాంటా ఎక్కుతూ దిగుతూ, "మిగిలిన ముప్పై కిలోలు ఎన్నడు వోతయే?" అని భార్యను అడిగాడట. తానెన్నడూ తొక్కని గడపలో తన పేరు, తన బజారు, తన ఊపిరితిత్తులు! సోమవారం కొట్టు మూసి కోదాడ బస్సెక్కాడు.

మంగళవారం రామనర్సయ్య ఎక్కాడు.

"కొమురయ్య గారా? నిన్ననే వచ్చారు కదండీ!" క్లర్కు తెర మీంచి తల ఎత్తలేదు. "ఎక్స్‌రే శుభ్రంగా ఉంది. రెండు నెలల్లో ముప్పై కిలోలు పెరిగారండి. డాక్టరు గారు తన వైద్యానికి మురిసిపోయి మాకందరికీ మిఠాయిలు పెట్టారు."

"నా గోలీలు?"

"నయమైన మనిషికి గోలీలేంటండీ?"

"నేను కొమురయ్యను గాదు. రామనర్సయ్యను."

క్లర్కు మీటలు నొక్కాడు. నల్లటి తెర మీద ఆకుపచ్చ గీత ఒకటే మినుకుమినుకుమంది. "ఆ పేరుతో రోగమేం లేదండి. అసలు మనిషే లేడు."

రామనర్సయ్య దగ్గాడు. దగ్గు గదంతా వినపడింది. తెర మీద ఎవరూ లేరు. ఒక్క క్షణం ఆయన తన చేతిని తానే గిల్లి చూసుకున్నాడు.

"కొత్తగా రాస్తే మొదట్నుంచీ ఆరు నెలలండి. వాడిన రెండు నెలలూ మీ పేరున మార్చాలంటే, ఈ రోగం తనది కాదని ఆ కొమురయ్య గారొచ్చి సంతకం పెట్టాలి."

ఇంట్లో ఒక్కరోజు గోలీలున్నాయి. పదేళ్ళలో దాటని వీధిని ఆ సాయంత్రం రామనర్సయ్య దాటాడు. కోదాడలో చెప్పిన పేరు దగ్గర్నుంచి ముత్తయ్య సంచి దాకా అంతా చెప్పాడు.

కొమురయ్య కాంటా రాళ్ళ వంక చూశాడు. ఏ రాయి తీస్తాడోనని రామనర్సయ్య కూడా చూశాడు.

"పదేండ్ల సంది నా గిరాకి గుంజినవ్. ఇగ పేరు గూడ గుంజినవ్. మూడు దినాలు నా పెండ్లాం నాతోని కల్లు మాన్పిచ్చింది, ఎరుకేనా? గోలీలెన్ని దినాలకున్నయి?"

"రేపటికి."

"అయితే పొద్దుగాల బస్సుకే పోదాం పా."

"ఊళ్ళె చెప్తవా కొమురన్నా?"

"ముత్తయ్య సదవనన్నడు గద. నేనేమన్న ముత్తయ్యకంటె తక్కువోన్నా?"

సంతకం పడింది. సంగతి విన్న డాక్టరుకు చెమటలు పట్టాయి. పొట్లం కాని కాగితమంతా వాపసు తెప్పించి తన ముందే కాల్పించాడు. ఇక మీద అచ్చులో పేర్లుండవు, అంకెలే అన్నాడు. రామనర్సయ్య మిగిలిన నాలుగు నెలల గోలీలూ సొంత పేరు మీదే మింగాడు.

ఆఖరి లెక్క: పోయినవి ముప్పై కిలోల కాగితం, ఒక దగ్గు. వచ్చినవి తన పేరు, వీధికి అవతల మాట్లాడ్డానికి ఒక మనిషి.

తర్వాత అంకెల కాగితం కూడా తూకానికి వచ్చింది, రామనర్సయ్యే కొన్నాడు. మర్నాడు మిట్టమధ్యాహ్నం అదంతా నర్సింగ్ హోమ్ తలుపు కిందికి తిరిగొచ్చింది, ప్రతి కాగితం మీదా ముత్తయ్య గుండ్రటి చేతిరాతతో: "విలాసదారు ఎవరో తెలియదు. పంపినవారికి వాపసు."