కాలేయానికి కీ ఎవరిచ్చారు?

ఆ ఉదయం గడియారాలు బాగుచేసే ఆయన వేసుకున్న పథకం చాలా చిన్నది. రక్తపరీక్ష రిపోర్టు తెచ్చుకోవాలి, కొలెస్ట్రాల్ తగ్గిందని భార్యకు చూపించాలి, నూనె కారేలా రెండు గుడ్ల అట్టు వేయించుకోవాలి. నెలల తరబడి ఉడకబెట్టిన కూరలు తిని ఆయన నాలుక ఉప్పుకూ పప్పుకూ తేడా మరిచిపోయింది. తీరా చూస్తే అంకె తగ్గలేదు సరికదా, కాస్త పైకెక్కి కూర్చుంది.

భార్య రిపోర్టును ఒకసారి, ఆయన మొహాన్ని రెండుసార్లు చూసింది. "ఇంట్లో నేను పెట్టలేదు. మరెక్కడ తింటున్నారు?"

ఆయన ఒట్టేశాడు. ఆమె ఒట్టు తీసి గట్టున పెట్టమని, తన తమ్ముణ్ణి ఆయన కొట్టుకు ఎదురుగా కాపలా పెట్టింది. మధ్యాహ్నానికల్లా తమ్ముడు కబురు తెచ్చాడు: బావగారు బేకరీలోకి వెళ్ళారు, చాలాసేపటికి వేళ్ళు తుడుచుకుంటూ బయటికొచ్చారు, వేళ్ళు నిగనిగలాడుతున్నాయి. ఆయన వెళ్ళింది బేకరీ గోడగడియారం ఆగిపోతే. వేళ్ళకంటింది దాని పళ్ళచక్రాలకు వేసే నూనె.

అడిగేవాళ్ళెవరు? ఆమె తిన్నగా బేకరీకి వెళ్ళి, కొనేవాళ్ళందరి ముందూ తన భర్తకు అక్కడి సరుకు పెట్టవద్దని, ఒంటికి పడడం లేదని చెప్పేసింది. ఆ మాట వీధి మలుపు తిరిగేసరికి ఆయన కేకు తిని పడిపోయాడు. పక్కవీధి చేరేసరికి సెలైన్ ఎక్కుతోంది. బాగుకిచ్చిన గడియారాలు వెనక్కి తీసుకుపోదామని జనం కొట్టుకు పరుగెత్తుకొస్తే, కంటికి భూతద్దం తగిలించుకుని కూర్చున్న మనిషే తన ఆరోగ్యం గురించి వాళ్ళకు ధైర్యం చెప్పాల్సి వచ్చింది. పరువు పోయిందన్న బేకరీ యజమాని తలుపులు మూసి, అందరినీ డాక్టరమ్మ దగ్గరికి ఈడ్చుకెళ్ళాడు.

ఆవిడ రిపోర్టు చదివి, ఎవరి మీదా తప్పు లేదంది. "ఇందులో మీరు తిన్నది తక్కువ. ఎక్కువ భాగం మీ ఒళ్ళే చేసుకుంటుంది. బయటినుంచి రావడం తగ్గితే, కాలేయం ఇంకాస్త ఎక్కువ చేస్తుంది."

కణాల గోడలు నిలవాలన్నా కొలెస్ట్రాల్ కావాలట. చిటికెడంత పదార్థాన్ని ఒక ఎంజైము అందుకుని కాస్త మార్చి ఇంకోదానికి అందిస్తుందట, అది మరోదానికి. ఆ వరసలో రిడక్టేజ్ అనే ఎంజైము ఎంత వేగంగా నడిస్తే పనంతా అంత వేగంగా సాగుతుందట.

ఆయన నోరు తెరుచుకుని విన్నాడు. గడియారంలోనూ వేగమంతా ఒక్క చక్రం చేతిలోనే ఉంటుంది. కానీ ఏ గడియారమూ తన చక్రాలను తానే చేసుకోవడం ఆయన చూడలేదు.

"మరి దానికి కీ ఎవరిస్తారమ్మా?"

డాక్టరమ్మ మందుల చీటీ ముందుకు లాక్కుంది. "ఎవరూ ఇవ్వరు. ఎప్పుడు తగ్గాలో, ఎప్పుడు పెరగాలో అదే చూసుకుంటుంది. మీకు కాస్త అతిగా చేస్తోంది. ఈ మాత్ర దాని చెయ్యి పట్టుకుంటుంది."

ఆయన చొక్కా మీదుగా పక్కటెముకల కింద అరచెయ్యి ఆనించి కూర్చున్నాడు. ఏ చప్పుడూ లేదు. జీవితమంతా పరాయివాళ్ళ యంత్రాలు విప్పిన ఆ చెయ్యి తీయబుద్ధి కాలేదు ఆయనకు. బేకరీ యజమాని కూడా కోపం మరిచి తన పొట్ట తడుముకున్నాడు. భార్య అతనికి క్షమాపణ చెప్పుకుని, భర్త వైపు చూసి మెల్లగా, "పాపం, నిజంగానే తినలేదు" అంది.

వయసు పైబడుతోంది కదా, మీరూ పరీక్ష చేయించుకోండి అని డాక్టరమ్మ ఆమెకు చెప్పింది. ఆమె ధీమాగా రక్తమిచ్చింది. వచ్చిన అంకె భర్త అంకెను దాటి చాలా దూరం పోయింది.

ఆమె రిపోర్టు మడిచి, "మా పుట్టింటివాళ్ళ కాలేయాలు మొదటినుంచీ కష్టజీవులు" అంది.