తల ఊపితే పేజీ తిప్పాలి

నిద్ర అనేది బద్ధకస్తులు కనిపెట్టిన అలవాటనీ, తాను దాన్ని పూర్తిగా మానేశాననీ స్వరకర్త ఆ ఉదయం ఇంట్లో ప్రకటించాడు. ప్రకటించిన అయిదో నిమిషంలో పళ్లు తోముకుంటూ, అద్దానికి నుదురు ఆనించి నిద్రపోయాడు. చెల్లెలు వచ్చి లేపింది. ఆ అమ్మాయి చాలా బుద్ధిమంతురాలు. ఆ వీధి మొత్తం గాలించినా అంత నెమ్మదైన పిల్ల దొరకదు.

"నిద్ర కాదే, ఆలోచిస్తున్నా," అన్నాడు స్వరకర్త నోటినిండా నురగతో.

"గురక పెట్టి మరీనా అన్నయ్యా?"

ఆరుగురు వాయించే తాళవాద్య బృందం కోసం అతను మూడు రోజులుగా ఒక కొత్త రచన చేస్తున్నాడు. అందులో పాట లేదు, రాగం లేదు. డ్రమ్ములు, కంచు తాళాలు, చెక్క దిమ్మెలు, నీళ్లు పోసిన గాజు గిన్నెలు ఉంటాయి. మొత్తం ఏడు పేజీలు. మొదటిది పొగమంచు, రెండోది చినుకులు, అలా పెరిగి పెరిగి ఏడోది పిడుగులు. ఏ పేజీ ఎంతసేపు వాయించాలో మాత్రం రాయలేదు. అతను ఎదురుగా కుర్చీలో కూర్చుంటాడు. తల ఊపినప్పుడల్లా అందరూ పేజీ తిప్పాలి. ఏడోది అయిపోతే మళ్లీ మొదటికి రావాలి.

పదింటికి బృందాన్ని నడిపే పెద్దావిడకు వినిపించాలి. ఆవిడకు నచ్చితే శనివారం కచేరీ. కచేరీ బాగా జరగకపోతే సోమవారం నుంచి మామయ్య టైల్స్ షాపులో ఉద్యోగం. షాపు పేరు కుట్టిన చొక్కా మామయ్య అప్పుడే పంపించేశాడు కూడా.

రిహార్సల్ గదిలో కిటికీ తెర వెనక నుంచి ఎండ పల్చగా దిగుతోంది. పొగమంచు మొదలైంది. డ్రమ్ము మీద కర్రకు బదులు కుంచె కదిలింది. ఆరుగురిలో ఒకతె అయిన చెల్లెలు తడివేలితో గాజుగిన్నె అంచు నిమిరింది. ఆ శబ్దం ఎంత మెత్తగా ఉందంటే, ఎండలో ఎగురుతున్న దుమ్ము కాసేపు ఆగి విన్నది. స్వరకర్త కళ్లు మూసుకున్నాడు. మూడో నిమిషంలో తల వాలింది.

"పడుకున్నాడేమోనమ్మా," అని గొణిగాడు పెద్ద డ్రమ్మాయన.

"ఛ, లీనమైపోయాడండీ! తల ఊపాడుగా, పేజీ తిప్పండి," అంది బుద్ధిమంతురాలైన చెల్లెలు.

ఆ గంటలో స్వరకర్త తల నలభై ఒక్కసార్లు ఊగింది. చినుకుల్లోంచి పిడుగులొచ్చాయి, పిడుగుల్లోంచి పొగమంచు లేచింది. ఒక పిడుగుకు రెండు వీధుల అవతల ఆగి ఉన్న కారు తనంతట తానే స్టార్టయిందంటారు. స్వరకర్త మాత్రం ఏదో తియ్యటి కల కంటున్నవాడిలా నవ్వాడు.

పెద్దావిడ కళ్లు తుడుచుకుంటూ లేచింది. "ఇరవై ఏళ్లుగా వింటున్నాను బాబూ, తన సంగీతంలో ఇంతలా మునిగిపోయిన మనిషిని చూళ్లేదు. శనివారం కూడా అచ్చం ఇలాగే కావాలి."

చప్పట్లకు మెలకువొచ్చిన స్వరకర్త, "నేనెప్పుడు..." అనబోయాడు. చెల్లెలు కాలు తొక్కింది.

"థాంక్స్ చెప్పు అన్నయ్యా!"

గండం గడిచిన ఆనందంలో అతను ఆ రోజు మధ్యాహ్నం మంచమెక్కి శనివారం మధ్యాహ్నం దిగాడు. అదే కొంప ముంచింది. కచేరీ వేళకు అతని కళ్లు గుడ్లగూబ కళ్లలా విచ్చుకున్నాయి.

హాల్లో నాలుగువందల మంది. మొదటి వరసలో మామయ్య చేతులు కట్టుకుని కూర్చున్నాడు. "ఎంతసేపురా అల్లుడూ ఇది?"

"తెలీదు మామయ్యా," అన్నాడు స్వరకర్త. అబద్ధమేం కాదు.

పొగమంచు మొదలైంది. మొన్న తన తల ఎప్పుడెప్పుడు ఊగిందో ఒక్కటీ గుర్తులేదు. తప్పుగా ఊపితే బతుకంతా టైల్సే. ఆ భయంతో మెడ బిగుసుకుపోయింది. పది నిమిషాలైంది. ఇరవై అయింది. ఇంకా మొదటి పేజీయే. వేదిక మీంచి పొగమంచు నెమ్మదిగా దిగి కుర్చీల మధ్య పరుచుకున్నట్టనిపించింది. దీపాలు దూరంగా జరిగాయి. జనం తాము ఎందుకొచ్చారో, ఇంటికి తాళం వేశారో లేదో, అన్నీ మరిచిపోయారు. ముప్ఫయ్యో నిమిషంలో మామయ్య తల మెల్లగా ముందుకు వాలింది.

గాజుగిన్నెల దగ్గర ఒక పేజీ తిరిగింది. వెంటనే మిగతా అయిదూ తిరిగాయి.

"హమ్మయ్య," అన్నాడు పెద్ద డ్రమ్మాయన.

చినుకుల చప్పుడుకు రెండో వరస కునికింది. తర్వాత మూడోది. చూస్తుండగానే నాలుగువందల తలలు గాలికి ఊగే చేనులా ఊగాయి. ఆరుగురూ తలో తలను పట్టుకుని వాయించసాగారు. ఒకరి పొగమంచులో ఇంకొకరి వాన కురిసింది. చివరికి ఎవరి లెక్కలో వాళ్లు ఒకేసారి ఏడో పేజీకి చేరారు.

ఆరు పిడుగులూ కలిసి పడ్డాయి. నాలుగువందల మందీ ఉలిక్కిపడి లేచి నిలబడ్డారు. పక్కవాళ్లు కూడా నిలబడి ఉండటం చూసి, మర్యాద కోసం చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు పావుగంట ఆగలేదు.

మామయ్య వేదిక ఎక్కి వచ్చాడు. "కలలో వాన పడిందిరా అల్లుడూ, నిలువెల్లా తడిసిపోయాను! ఎన్నేళ్లయిందో ఇలా నిద్రపట్టి. షాపుకి మాత్రం రాకురా బాబూ, కస్టమర్లు పడుకుంటారు."

పెద్దావిడ మాత్రం నవ్వలేదు. "మీ మామయ్య తల చూసి మొదట పేజీ తిప్పిందెవరు?"

అయిదు జతల కర్రలూ ఒకేవైపు తిరిగాయి.

నావైపు. ఆ చెల్లెలు నేనే. రిహార్సల్లో అన్నయ్య పడుకున్నాడని మొదటి గురకకే తెలుసు. కచేరీలో మామయ్య ఊపింది తాళానికి కాదనీ తెలుసు. అన్నీ తెలిసే తిప్పాను. అదంతా అక్కడే ఒప్పేసుకున్నాను.

"ఇంకోసారి ఇలా చేశావంటే చంపేస్తా," అన్నాడు అన్నయ్య.

ఇంకోసారి వచ్చే శనివారం, టిక్కెట్లన్నీ అయిపోయాయి.