పెద్దలు ముందు కూర్చున్న కేటలాగ్

ఎగువలోయ పశువైద్య కళాశాల గ్రంథాలయంలోని పదకొండు వేల పుస్తకాలూ ఆన్‌లైన్ కేటలాగ్‌లోకి ఎక్కాయనీ, ఇకమీదట కిర్గిజ్ దేశంలో ఏ మూలనున్న విద్యార్థి అయినా గుర్రం దిగకుండానే పుస్తకం వెతుక్కోవచ్చుననీ ఇందుమూలంగా ప్రజలందరికీ తెలియజేయడమైనది. పుస్తకం దొరుకుతుందని మాత్రం ఎవరూ తెలియజేయలేదు. కాబట్టి కళాశాల మాట తప్పిందనడానికి ఎవరికీ హక్కు లేదు.

కేటలాగ్ కట్టడానికి రాజధాని నుంచి వచ్చిన ఇంజనీరు మొదట ఒక అనాగరికమైన పని చేశాడు. ఏ మాట కొడితే ఆ మాటకు సంబంధించిన పుస్తకమే పైకి వచ్చేలా అమర్చాడు. ప్రిన్సిపాల్ దైర్‌బెక్ మామితొవిచ్ పరీక్షగా "గొర్రె" అని కొట్టి చూశారు. నిజంగానే గొర్రెల జబ్బుల పుస్తకం వచ్చింది. రాసినవాడి వయసు ముప్పైరెండు. పెద్దవాళ్ల పుస్తకం ఒక్కటీ కనిపించలేదు.

"ఏమయ్యా, మీ ఇంటికి విందుకు పెద్దలొస్తే గుమ్మం దగ్గర, చెప్పుల పక్కన కూర్చోబెడతావా?" అన్నారు ప్రిన్సిపాల్.

"అయ్యో, అదేం మాటండీ! గుమ్మానికి ఎదురుగా, పెద్దల పీటైన తోర్‌లోనే కూర్చోబెడతాం."

"మరి మనుషులకో మర్యాద, పుస్తకాలకో మర్యాదా? ఒకర్ని పిలిచి ఇంకొకర్ని పిలవకపోతే రేపు ఆ అలకలు ఎవరు తీరుస్తారు, నువ్వా?"

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మన లోయలో అరవై నిండిన ప్రతి పెద్దమనిషీ రెండు పనులు తప్పకుండా చేస్తాడు. గుర్రాన్ని కోసి ఊరందరికీ విందు పెడతాడు. తన మీద తానే ఒక పుస్తకం అచ్చు వేయించుకుంటాడు. అందులో ఆయన పుట్టుక, పదవులు, బావమరుదులు కట్టిన పద్యాలు, మంత్రిగారి వెనక నాలుగో వరుసలో దిగిన ఫొటో ఉంటాయి. గ్రంథాలయానికి పది ప్రతులు బహూకరిస్తాడు. డెబ్బై నిండితే రెండో భాగం వస్తుంది. ఆ విధంగా మన పశువైద్య గ్రంథాలయంలో పశువుల మీద కంటే పెద్దమనుషుల మీదే పుస్తకాలు ఎక్కువ పోగయ్యాయి.

ఇంజనీరు తప్పు దిద్దుకున్నాడు. ఇప్పుడు ఏ మాట కొట్టినా ముందు లోయలోని పెద్దలందరూ వయసు వారీగా, హోదా వారీగా విచ్చేస్తారు. వాళ్లందరూ కూర్చున్నాక, చిట్టచివర, గుమ్మం పక్కన, అడిగిన పుస్తకం వస్తుంది. కేటలాగ్ లోపలికి రావాలంటే వెతికేవాడు తన ఏడు తరాల తాతల పేర్లు వరసగా కొట్టాలి. ఇరవై పేజీలకోసారి కేటలాగ్ ఆ పేర్లు మళ్లీ అడుగుతుంది, ఈలోగా వంశం మారిందేమోనని.

ప్రారంభోత్సవంలో ప్రిన్సిపాల్ గంటన్నర మాట్లాడారు. "సమర్థంగా వెతకడం అంటే ఏమిటి? తొందరపడకపోవడం! పరాయి దేశాల్లో పుస్తకం అడిగితే పుస్తకం మొహాన పడేస్తారు. మన దగ్గర విద్యార్థి ముందు పెద్దలకు సలాం చేసి, వారి జీవితాలు చూసి నేర్చుకుని, సంస్కారవంతుడై, ఆ తర్వాతే పుస్తకాన్ని చేరుకుంటాడు. అప్పటికి ఆ పుస్తకం అవసరం లేకపోతే, అది కేటలాగ్ సాధించిన విజయం!" చప్పట్లు మోగాయి.

గ్రంథపాలకురాలు బురుల్ మాత్రం చప్పట్లు కొట్టలేదు. చేతిలో టీ కెటిల్ ఉంది. ముప్పైఒక్క ఏళ్లుగా ఆమెను ఏ పుస్తకం అడిగినా నిమిషంలో తెచ్చిచ్చేది. ఇది అశాస్త్రీయమైన పద్ధతి గనుక రద్దయింది. కేటలాగ్ నెంబరు రాసిన చీటీ లేకుండా పుస్తకం ఇచ్చినా, ఎక్కడుందో నోటితో చెప్పినా ఉద్యోగం ఊడుతుందని ఉత్తర్వు వచ్చింది. ఆమె పింఛనుకు ఇంకా రెండేళ్లుంది.

అలాంటి రోజుల్లో ఆఖరి సంవత్సరం చదివే మేరిమ్‌కు ఒక పుస్తకం కావాల్సి వచ్చింది. కొండమీద వాళ్ల నాన్న సాపర్‌కు పాలిచ్చే ఆడగుర్రం ఒక్కటే ఉంది. ఇల్లు దాని మీదే నడుస్తుంది. కిందటి వసంతంలో కడుపులో పిల్లకు కాలు మడతపడితే, ఏం చేయాలో తెలియక తాడు కట్టి లాగారు. పిల్ల చచ్చిపోయింది. తల్లి చావుతప్పి బతికింది. ఈ ఏడు మళ్లీ నిండు చూలుతో ఉంది. మేరిమ్ ఫోన్ తీసి, ఏడుగురు తాతలనూ తలుచుకుని, "ఆడగుర్రాల కష్టకాన్పు" అని కొట్టింది. నాలుగు వందల పన్నెండు పేజీలు వచ్చాయి.

రోజూ గ్రంథాలయంలో కూర్చుని పేజీలు తిప్పేది. మన కొండల్లో నెట్ సంగతి తెలిసిందే కదా.

"ఎందాకా వచ్చావే?" అని అడిగింది బురుల్.

"నూట పన్నెండో పేజీ ఎజే. విశ్రాంత పశుగ్రాస శాఖాధికారులు" అంది మేరిమ్. ఎజే అంటే మన లోయలో అక్క.

"అబ్బో! ఇంకా మేత దగ్గరే ఉన్నావా? గుర్రం దగ్గరికి వచ్చేసరికి ముసల్దానివైపోతావు."

"పుస్తకం ఎక్కడుందో నీకు తెలుసు కదా ఎజే?"

"తెలుసు. నాకు తెలుసన్న సంగతి నాకు తెలియకూడదని ఉత్తర్వు" అంది బురుల్. అని కిటికీ వైపు తిరిగింది. ఆ పిల్ల మొహం చూడడానికి ఆమెకు సిగ్గేసింది.

గురువారం మధ్యాహ్నం, రెండు వందల అరవయ్యేడో పేజీలో, సాపర్ ఫోన్ చేశాడు. "అమ్మా, మొదలైంది. ఒక్క కాలే బయటికొచ్చింది. రెండోది లేదు. తాడు కట్టనా?"

"వద్దు నాన్నా! ఆగు... ఆగు..." అంటూ మేరిమ్ ఫోన్ స్పీకర్‌లో పెట్టి, ఏడుస్తూనే పేజీలు తిప్పుతోంది. గౌరవనీయులైన తేనెటీగల సంఘం మాజీ అధ్యక్షుడు వచ్చారు. ఆయన తర్వాత ఆయన తమ్ముడు వచ్చాడు.

బురుల్‌కు ఒళ్లు మండిపోయింది. కెటిల్ దించి, మూడో బీరువా దగ్గరికి వెళ్లి, అరవైదాకా ఆగలేక ప్రిన్సిపాల్‌గారు వేయించుకున్న యాభైఏళ్ల పండుగ పుస్తకాలు పదీ కిందకి తోసి, వెనకనున్న సన్నటి పుస్తకాన్ని లాగి బల్లమీద కొట్టింది.

"అరవైఒకటో పేజీ. చదువు!"

"ఎజే, నెంబరు?"

"నెంబరు నా మొహాన రాసుకో. ముందు చదవవే పిచ్చిదానా!"

మేరిమ్ చదివింది. "లాగొద్దు నాన్నా, తాడు పారేయ్. నొప్పి తగ్గిన క్షణం చూసి పిల్లను మెల్లగా వెనక్కి నెట్టు. మడిచిన కాలు దొరికిందా? గిట్టను అరచేత్తో కప్పు, లోపల చీరుకోకుండా. ఇప్పుడు ముందుకి తిప్పు..." ఫోన్లో సాపర్ ఆయాసం, గుర్రం మూలుగు తప్ప చాలాసేపు ఏమీ వినపడలేదు. తర్వాత ఆయన గొంతు వచ్చింది. "పిల్ల ఊపిరి తీస్తోందే! చెవులాడిస్తోందే తల్లీ!" బురుల్ కుర్చీలో కూలబడి తలగుడ్డతో మొహం కప్పుకుంది.

సోమవారం విచారణ సంఘం కూర్చుంది. అభియోగం: వెతకకుండా పుస్తకం కనుగొనుట. సభ్యులు ముగ్గురూ డెబ్బై దాటినవారు, ముగ్గురూ గ్రంథకర్తలు. ఆ పుస్తకాన్ని పద్ధతి ప్రకారం వెతికితే దొరికేదా లేదా తేల్చడానికి స్వయంగా కేటలాగ్ తెరిచారు. మొదటి పేజీలోనే ఎవరి పుస్తకం వారికి కనిపించింది. కళ్లద్దాలు తుడుచుకుని ఒకరికొకరు చదివి వినిపించుకున్నారు. టీ వచ్చింది. ఇక రెండో పేజీ తెరిచే అవసరం ఎవరికీ తోచలేదు.

"కేటలాగ్ అత్యంత సమర్థముగా పనిచేయుచున్నది. సభ్యులందరికీ తాము వెతికినది తక్షణమే లభించినది" అని నివేదిక రాశారు. పింఛను దగ్గరపడిన మనిషి గనుక కనికరించి, బురుల్‌ను ఉద్యోగంలోంచి తీసేయకుండా వచ్చేవాళ్ల చలికోట్లు దాచే గదికి బదిలీ చేశారు. అక్కడ కూడా టోకెన్ చూడకుండానే ఎవరి కోటు వాళ్లకి ఇచ్చేస్తోందని వారంలోనే ఫిర్యాదు వచ్చింది.

జూన్‌లో సాపర్ గుర్రప్పిల్లనూ, తల్లి పాలు పులియబెట్టిన కుమిస్ నింపిన తోలుతిత్తినీ వెంటబెట్టుకుని కళాశాలకు వచ్చాడు. హాల్లో పెద్దలు వరస ప్రకారం కూర్చున్నారు.

"మా గుర్రప్పిల్ల ప్రాణం కాపాడిన పుస్తకం ఎవరిచ్చారు బాబూ?" అని అడిగాడు.

ప్రిన్సిపాల్ వినయంగా తల వంచారు. సంఘ సభ్యులు అంతకంటే వినయంగా వంచారు. మొదటి గిన్నె తోర్ నుంచి బయల్దేరింది. మేరిమ్ లేచి, కుమిస్ నిండిన గిన్నె ఒకటి లాక్కుని, పెద్దల ముందునుంచే నడిచి కోట్ల గదికి వెళ్లింది. తిరిగొచ్చి ఇంకో గిన్నెకని తిత్తి వంచి చూస్తే అడుగంటింది. ఈ కాలం పిల్లలకు మర్యాద తెలియదని అందరూ బాధపడ్డారు.

చివర్లో గుర్రప్పిల్లతో ఫొటో దిగారు. జూన్‌లో కోట్లుండవు, పనిలేకుండా ఉంది కదా అని ఫొటో తీయడానికి బురుల్‌ను పిలిచారు.

ఆ ఫొటోనే ఇప్పుడు దైర్‌బెక్ మామితొవిచ్ అరవయ్యేళ్ల గ్రంథానికి అట్టబొమ్మ. కేటలాగ్‌లో "గుర్రప్పిల్ల" అని కొడితే మొదటి పేజీలోనే గుర్రప్పిల్ల కనిపిస్తుంది. ఇంతకంటే ఏం కావాలి? ఆ సన్నటి పుస్తకం మాత్రం నాలుగు వందల పదమూడో పేజీకి జరిగింది. బురుల్ పేరు ఏ పేజీలోనూ లేదు.

ఈ కథ రాతప్రతి లోయలోని పెద్దలు కొందరు తిరగేశారు. తమ పేరు లేదని రూఢి చేసుకుని పక్కన పెట్టేశారు. మీరు మాత్రం ఓపిగ్గా చివరిదాకా చదివారు. మీ ఊరి పెద్దమనుషులు నలుగురైదుగురు ఇందులో కనిపించే ఉంటారు. మీరు మాత్రం ఎక్కడా కనిపించలేదు కదూ? మళ్లీ వెతకండి. మొదటి పేజీ నుంచి.