మండె కట్టిన బూట్లు

చెప్పులున్నవారు విప్పి వినండి. లేనివారు కాళ్ళు చాపుకొని వినండి.

సప్తసాగరాలలో ఒక సాగరానికైనా దారి తెలిసిన వసిష్ఠ గోదావరి ఎర్రనీటి కోసం ఎదురుచూస్తూ ఉండగా, రౌద్రి నామ సంవత్సరాన, అనగా పంతొమ్మిది వందల ఎనభైలో, మృగశిర కార్తె తొలివానకు కప్పలు మంగళవాద్యాలు మ్రోగించుచుండగా, సఖినేటిపల్లి రేవుకు రెండు మైళ్ళ ఇవతల, కాలువగట్టు మీది తాటాకింటి వసారాలో, మానవపాదానికీ చర్మపాదుకకూ ఘోరసంగ్రామం జరిగింది.

ఆ సంగ్రామానికి నాయకుడు ఏసుదాసు. పంకక్షేత్రవిహారి, బీజరక్షణధురంధరుడు, మండెకట్టు మార్తాండుడు. విత్తనపు వడ్లను నానబెట్టి, మూటగట్టి, తడిగడ్డి కప్పి, పైన బరువు పెట్టి మొలకెత్తించడాన్ని అక్కడ మండె కట్టడం అంటారు. ముప్పై ఏళ్ళలో అతని చేతి మండె ఒక్కటీ చెడలేదు. అందుకు అతనికి గర్వముంది. మరి దేనికీ లేదు. భార్య మేరీ పోయి ఆరేళ్ళయింది. ఆ చావు విషయంలో అతను డాక్టరునీ, వేళకు రాని లాంచీనీ, దేవుణ్ణీ క్షమించలేదు. ఆదివారం చర్చికి వెళ్ళేవాడు గానీ పాడేవాడు కాదు.

కొడుకు జోజి, పద్దెనిమిదేళ్ళవాడు, ఎక్కడో దూరాన ఉన్న ఒక మిలటరీ అకాడమీకి ఎంపికయ్యాడు. జూలై మొదటి సోమవారం తరగతులు మొదలు. అకాడమీ ఆజ్ఞాపత్రం ఇనప్పెట్టె తెమ్మంది, తెల్లచొక్కాలు తెమ్మంది, త్రికోణమితి మళ్ళీ చదువుకొని రమ్మంది, అడుగున ఇనపనాడాలు కొట్టించిన నల్లబూట్లు ఒక జత కాలికి అలవాటు చేసుకొని రమ్మంది. చిట్టచివరి వాక్యం అన్నిటికన్నా చిన్నది. పాదాలకు పుండ్లున్నవారిని తరగతిలో చేర్చుకోరు, ఆరునెలల తర్వాతి జట్టులోకి నెడతారు. ఆరునెలలకు జోజికి వయసు దాటిపోతుంది.

బూట్లు తెచ్చింది ఏసుదాసే. కొడుకు పాదాన్ని కొబ్బరి ఈనెతో కొలిచి, అక్కడికి విరిచి, జేబులో పెట్టుకొని అమలాపురం వెళ్ళాడు. ఈనెకు పొడవుంది గానీ వెడల్పు లేదు. అందుచేత బూట్లు పొడవున వెంట్రుకవాసి తేడా లేకుండా వచ్చాయి. అయితే ఆ పాదం సామాన్యమైనది కాదు. తాత, తండ్రి, మనవడు, మూడు తరాలవాళ్ళు పరుల చేలగట్ల మీద, వానకు జారే ఒండ్రుమట్టిని వేళ్ళతో పట్టి పట్టి నడవగా, బొటనవేలు తూర్పుకూ చిటికెనవేలు పడమరకూ సాగిపోగా, విప్పిన తాటాకు విసనకర్ర వలె విశాలమై విలసిల్లునట్టి వంశపారంపర్య పాదమది. బూటు పట్నంలో సందు లాంటిది. దుకాణదారు అప్పటికే నాడాలు కొట్టేశాడు. కొట్టినవి వెనక్కి తీసుకోడు.

మొదటి దండయాత్ర ఆదివారం ప్రార్థన అయ్యాక జరిగింది. జోజి మంచంకోడు పట్టుకున్నాడు. ఏసుదాసు మడమ పట్టుకున్నాడు. ఏసుదాసు అక్క కాంతమ్మ కొబ్బరినూనె గిన్నెతో పక్కన నిలిచింది. అప్పుడు ఏసుదాసు పలికిన పలుకులు కవులు రాయవలసివస్తే ఇట్లు రాస్తారు: “ఓరీ మహిషచర్మనిర్మితదుర్గమా, లోహకీలకవచధారీ, నా కుమారుని కుడిపాదం నీ ద్వారమున నిలిచి యాచించుట లేదు, ఆజ్ఞాపించుచున్నది, తలుపు తీయుము.” నిజానికి అతను అన్నది ఒక్కటే మాట.

“దూరు.”

దూరింది. జోజి కాలువ వంతెన దాకా వెళ్ళి వచ్చేసరికి చిటికెనవేలి మీద చింతగింజంత బొబ్బ లేచింది.

కాంతమ్మ బొబ్బ చూసింది, విరిగిన ఈనె చూసింది. “గేదెకి పలుపు కొన్నా మెడ లావు చూస్తారు కదరా తమ్ముడూ. ఈనెతో కొలిచి బూట్లు తెచ్చినోణ్ణి నిన్నే చూసేను,” అంది.

ఏసుదాసు ఆమెనూ క్షమించలేదు. బొబ్బ మానడానికి వారం పట్టింది. ప్రయాణానికి ఇంక పదిహేను రోజులు మిగిలాయి.

ఆ ఊళ్ళో సైన్యంలో పనిచేసి వచ్చినవాడు కృపారావు ఒక్కడే. ఊరందరికీ సుబేదారుగారు. జోజికి దుప్పటి మడతపెట్టడం దగ్గర్నుంచి, పెద్దవాళ్ళు అడిగితే కళ్ళలోకి చూసి జవాబు చెప్పడం దాకా ఆయనే నేర్పుతున్నారు. ఏసుదాసు బూట్లు చంకన పెట్టుకొని ఆయన అరుగు ముందు నిలబడ్డాడు.

“అక్కడ పొద్దుట డ్రిల్లండి, ఆ వెనకనే క్లాసు,” అన్నారు సుబేదారు. “కాలు మండుతున్నవాడి బుర్రలోకి పాఠం దిగదు. పాదం గుర్తు రాకూడదు, పాఠం మర్చిపోకూడదు. అంతేనండి. బూట్ల నిండా శనగలు పోసి, నీళ్ళు పోసి, లేసు బిగించేయండి. ఉబ్బి తోలుని తోస్తాయి. తెల్లారేక తీసేసి, ఆ తడిమీదే కుర్రాడికి తొడిగి, ఆరేదాకా నడిపించండి. ఉత్తినే ఆరబెడితే మళ్ళీ ముడుచుకుపోతాయి.”

“గింజ నానబెట్టడం నాకు చెబుతున్నారా సుబేదారుగారూ?”

“ఆయ్. చెప్పకూడదండి,” అన్నారు ఆయన.

శనగలు కొనాలి. వడ్లు ఇంట్లో ఉన్నాయి. కౌలుచేను నారుమడికని దాచిన మసూరి విత్తనం కుండలోంచి తీసి, ఏసుదాసు రెండు బూట్లనూ గొంతుదాకా నింపాడు. నీళ్ళు పోశాడు. లేసులు బిగించాడు. తడిగడ్డి కప్పాడు. పైన రుబ్బురోలు పొత్రం ఎత్తి పెట్టాడు. తెల్లారేక తీసేయమన్న మాట అతనికి వినబడకపోలేదు. కాని మండె అంటే మూడు రోజులు. మూడు రోజులు కాకుండా మండె విప్పినవాణ్ణి అతను మనిషిగా లెక్కపెట్టలేదు. రోజుకు రెండుసార్లు చెయ్యిపెట్టి వేడి చూసుకున్నాడు. వేడి బాగుంది.

మూడోనాడు పొద్దెక్కాక, కొడుకూ అక్కా చూస్తూండగా, గడ్డి తొలగించాడు. అంతట ఆ బూట్ల లేసుకన్నాలన్నిటి నుంచీ, బురుజు రంధ్రాలలో నుంచి బల్లెములు చాచిన కోటకాపరుల వలె, ధవళాంకురములు బారులుతీరి బయటికి చూచుచుండెను. లోపల వేళ్ళు ఒకదానితో ఒకటి పెనవేసుకొని, అడుగు అట్టలో దిగి, సొంత చేను దొరికినట్టు స్థిరపడ్డాయి.

“ఇవి తొడుక్కోవాలా, నాటుకోవాలా నాన్నా?” అన్నాడు జోజి.

“ఇంకో నాలుగు నెలలాగితే కోసి నూర్చుకుంటాడు,” అంది కాంతమ్మ.

ఏసుదాసు బూటు ఎత్తి, ఎండవైపు తిప్పి, పైనుంచి కిందికి చూశాడు. “ఒక్క గింజ చెడలేదు,” అన్నాడు.

మొలకల్ని పీకడానికి గరిటెకాడ సరిపోలేదు, చేతివేళ్ళు రెండు చాలలేదు. ముగ్గురూ కూర్చొని మధ్యాహ్నం దాకా లాగారు. పీకిన దాన్నంతా ఏసుదాసు తట్టలో పోగుచేశాడు, పారేయలేదు. అప్పుడు ఇంకొక ఈనె విరిచి, ఈసారి బూటును అడ్డంగా కొలిచాడు. అతని కంటిలెక్కకు మునుపటికన్నా అర అంగుళం ఎక్కువ. కాని అది తడితోలు ఇచ్చిన అర అంగుళం. ఎండేలోగా కాలు దాన్ని ఆక్రమించకపోతే తోలు వెనక్కి తీసుకుంటుంది.

ఆ మధ్యాహ్నమే సుబేదారు రేవులో లాంచీల పాక కింద బల్ల మీద కూర్చున్నారు. ఆయన పెట్టిన పరీక్ష ఇది. జోజి ఇంటి నుంచి రేవుకు, రేవు నుంచి ఇంటికి, నాలుగు మైళ్ళు త్రికోణమితి పాఠం పైకి అప్పజెబుతూ నడవాలి. పాదం గుర్తొచ్చిన చోట పాఠం ఆగుతుంది. ఆగకపోతే బూటు లొంగినట్టు.

జోజి బయలుదేరాడు. వెనకాల ఏసుదాసు, చెప్పుల్లేకుండా. నాడాలు కంకరమీద టకటకమంటున్నాయి. “సైన్ ఏ ప్లస్ బీ ఈజ్ ఈక్వల్ టు సైన్ ఏ కాస్ బీ ప్లస్ కాస్ ఏ సైన్ బీ.” ఏసుదాసుకు అందులో ఒక్క ముక్క అర్థం కాలేదు. చెవి మాత్రం ఒగ్గాడు. పాఠం చర్చి గేటు దగ్గర ఒకసారి ఆగింది. కొబ్బరితోట మలుపులో ఒకసారి ఆగింది. కల్వర్టు మీద చాలాసేపు ఆగింది. ఆగిన ప్రతిసారీ ఏసుదాసు కుడికాలి చిటికెనవేలు నేలను నొక్కింది.

సుబేదారు బూటు నొక్కి చూశారు. “ఇంకా తడుందండి. కుర్రాణ్ణి వెనక్కి తిప్పండి,” అన్నారు.

తిరుగుదారిలో మబ్బు విడిపోయి ఎండ వచ్చింది. కల్వర్టు వచ్చింది. భీకరపరిఖాసదృశమైన ఆ కల్వర్టు మీద, శత్రువు సర్వబలాలతో కాచుకున్నచోట, సైన్ ఏ దాటింది, కాస్ బీ దాటింది, ప్లస్ దాటింది. కొబ్బరితోట వెనకబడింది. చర్చి గేటు వెనకబడింది. ఇల్లు నలభై అడుగులుందనగా పాఠం చటుక్కున ఆగిపోయింది.

ఏసుదాసు కూడా ఆగాడు. “కరిచిందా?” అన్నాడు.

“లేదు నాన్నా. మేకలు అడ్డమొచ్చేయి.”

ఏసుదాసు మేకల్ని చూశాడు. కర్ర పెట్టి తోలాడు. “అయితే కాస్ ఏ సైన్ బీ అనాలి కదరా,” అన్నాడు.

జోజి తండ్రివైపు ఒకసారి చూసి, కాస్ ఏ సైన్ బీ అన్నాడు. ఇద్దరూ ఇల్లు చేరారు.

వసారాలో కాంతమ్మ బూట్లు లాగింది. పాదాన్ని ఒళ్ళో పెట్టుకొని వేలు వేలూ విడదీసి చూసింది. బొబ్బ లేదు. ఎరుపు కూడా లేదు. చిటికెనవేలికీ దాని పక్కవేలికీ నడుమ ఒక మొలక ఇరుక్కొని ఉంది. నాలుగు మైళ్ళు నడిచినా నలగలేదు. ఏసుదాసు దాన్ని రెండువేళ్ళతో తీసి, తట్టలోని మొలకలతోపాటు పట్టుకెళ్ళి, నారుమడి మూలన చల్లి వచ్చాడు.

కావున సకలజనులు తెలియవలసినదేమనగా, రౌద్రి నామ సంవత్సర మృగశిర కార్తెలో, పరుల గట్ల మీద మూడు తరాలు నడిచిన వంశానికి చెందిన ఒక కుడిపాదం, దాని తోడి ఎడమపాదం, చెరొక అర అంగుళం జాగా జయించి స్వాధీనపరచుకొన్నవి. ఆ జాగాకు కౌలు లేదు. శిస్తు లేదు. ఆసామి లేడు.